రేడియేషన్‌తో పాటు నానో ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లంతా క్యాన్సర్ పోతుందంటున్నారు, నాయనకు అడగొచ్చా?

పాకాల_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. నాయనకు 58 ఏళ్లు. దామలచెరువు మామిడి మండీలో ఇరవై ఏళ్లకు పైగా హమాలీగా చేశాడు, దవడలో ఖైనీ పెట్టుకునే అలవాటు కూడా అప్పటి నుంచే. పోయిన ఏడాది చివర్లో ఎడమ బుగ్గ లోపల పుండు ఎంతకీ మానకపోతే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాం, ఆయన చూసిన వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపమన్నాడు, క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది, మెడలో గడ్డలు కూడా తీసేశారు. ఇప్పుడు తిరుపతిలో రేడియేషన్ నడుస్తోంది. మొత్తం 33 సిట్టింగులు, నిన్నటికి 9 అయినాయి. వారానికోసారి కీమో ఎక్కిస్తున్నారు.

మా మామకు వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. నానో కణాలను గడ్డలోకి ఇంజెక్షన్ చేసి ఆ తర్వాత రేడియేషన్ ఇస్తే, రేడియేషన్ తగిలిన చోటే కాకుండా ఒళ్లంతా ఎక్కడ క్యాన్సర్ ఉన్నా మన ఒంట్లోని రోగనిరోధక శక్తి మేలుకొని తినేస్తుందని, విదేశాల్లో ఇప్పటికే ఇస్తున్నారని అందులో చెప్పారు. అది చూసినప్పటి నుంచి మామ ఒకటే గొడవ, ఇక్కడ ఇచ్చేది పాత వైద్యం, ఆపేసి చెన్నైకో హైదరాబాద్‌కో పోదాం పదమని. దీనికి తోడు తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన ఫోన్ చేసి, తన దగ్గర నానో బంగారం చుక్కలు ఉన్నాయని, నెలకు 18 వేలని, వాటిని వాడేటప్పుడు రేడియేషన్‌కు రెండు వారాలు విరామం ఇవ్వాలని చెప్పాడు.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను కాబట్టి నానో అంటే ఏంటో కొంచెం తెలుసు. కానీ ఇందులో ఏది నిజం, ఎంత నిజం అనేది తేల్చుకోలేకపోతున్నాను. డాక్టరు గారిని అడుగుదామంటే రోజూ అరవై డెబ్బై మంది క్యూలో ఉంటారు, మా వంతు వచ్చేసరికి నాకు మాటలు రావు. నాయన నోరు మండి అన్నం మానేశాడు, 61 కిలోల నుంచి 57కు వచ్చాడు. నిద్ర పట్టడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

లినాక్_గది:

చెల్లీ, ముందు ఒక్క మాట. రేడియేషన్ ఆపొద్దు. మిగతాదంతా ఆ తర్వాత.

నేను పదకొండేళ్లుగా రేడియేషన్ మెషీన్ల పక్కనే పని చేస్తున్నాను, మెడికల్ ఫిజిక్స్. డాక్టర్ని కాను, ఎవరికి ఏ మందు ఇవ్వాలో నేను చెప్పకూడదు. కానీ నానో కణాల్లో ఫిజిక్స్ భాగం ఏంటో చెప్పగలను. ఆ వీడియోలో విషయం పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అది ప్రమాదకరంగా తయారైంది.

మేము ఇచ్చేది 60 లక్షల వోల్టుల ఎక్స్‌రే. మన కండలో ఉండేవి ఎక్కువగా హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్. ఇవన్నీ తేలికైన పరమాణువులు, వాటి మీదుగా ఎక్స్‌రే చాలావరకు దాటిపోతుంది, దారిలో కొద్ది కొద్దిగా ఎలక్ట్రాన్లను కొట్టి లేపుతుంది, ఆ ఎలక్ట్రాన్లే కణం లోపలి డీఎన్ఏను తెంపుతాయి. ఇప్పుడు అదే చోట ఒక బరువైన లోహం ఉందనుకో. వాన మెత్తటి దుక్కి మీద పడితే ఇంకిపోతుంది, బండ మీద పడితే చినుకు చితికి నాలుగు వైపులా చిమ్ముతుంది కదా, అలా ఆ లోహం దగ్గర ఎలక్ట్రాన్లు గుంపుగా చిమ్ముతాయి. ఆక్సిజన్ పరమాణు సంఖ్య 8, గడోలినియం 64, హాఫ్నియం 72, బంగారం 79. తక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేకు ఈ సంఖ్య పెరిగేకొద్దీ పట్టేసే గుణం దాదాపు దాని ఘనంలాగా పెరుగుతుంది, అంటే ఎనిమిది నుంచి డెబ్బైకి పోతే తేడా తొమ్మిది రెట్లు కాదు, వందల రెట్లు.

2004లో అమెరికాలో హైన్‌ఫెల్డ్ అనే ఆయన బృందం ఎలుకలకు 1.9 నానోమీటర్ల బంగారు కణాలను రక్తంలోకి ఎక్కించి ఎక్స్‌రే ఇచ్చింది. ఉత్త ఎక్స్‌రే ఇచ్చిన ఎలుకల్లో ఏడాది తర్వాత 20 శాతం బతికుంటే, బంగారంతో కలిపి ఇచ్చినవాటిలో 86 శాతం బతికున్నాయి. ఉత్త బంగారం ఇచ్చినవాటిలో ఒక్కటీ బతకలేదు. ఈ చివరి సంగతిని బంగారం చుక్కలు అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పరు. ఇంకో సంగతి, ఆ ప్రయోగంలో వాడింది 2 లక్షల 50 వేల వోల్టుల ఎక్స్‌రే. మనుషులకు లోతుగా ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి గలది, అక్కడ ఆ ఘనం లెక్క అంత బలంగా పనిచేయదు, లాభం తగ్గుతుంది. కాగితం మీద వేసిన లెక్క కన్నా ప్రయోగాల్లో ఫలితం ఎక్కువ వచ్చిన సందర్భాలు ఉన్నాయి, కారణం కణం లోపల జరిగే రసాయన మార్పులు అంటారు. అది నా పరిధి దాటిన విషయం.

మనుషుల్లో ముందుకు పోయింది హాఫ్నియం ఆక్సైడ్. సుమారు 50 నానోమీటర్ల కణాలు, ఒక మిల్లీమీటరు గీతలో 20 వేలు పక్కపక్కన పడతాయి. ఫ్రాన్స్ కంపెనీ నానోబయోటిక్స్ చేసింది. గడ్డలోకి ఒక్కసారి సూదితో పొడుస్తారు, అవి అక్కడే ఉండిపోతాయి, తర్వాత రోజూ మామూలు రేడియేషనే. చేతులు, కాళ్లు, ఒంటి గోడల్లో వచ్చే మెత్తటి కండల క్యాన్సర్ ఉన్న 180 మందిలో పరీక్షించి 2019లో ఫలితం ప్రచురించారు. తర్వాత ఆపరేషన్ చేసి గడ్డను చూస్తే, క్యాన్సర్ కణాలు దాదాపు ఏమీ మిగలనివాళ్లు రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 8 శాతం, నానోతో కలిపి తీసుకున్నవాళ్లలో 16 శాతం. రెట్టింపు అయిన మాట నిజమే, కానీ నూటికి 84 మందిలో ఆ స్థాయి ఫలితం రాలేదు కూడా. అదే ఏడాది ఆ ఒక్క రకం క్యాన్సర్‌కు యూరప్‌లో అనుమతి వచ్చింది. విదేశాల్లో ఇస్తున్నారు అనే మాటకు మూలం ఇదే అయ్యుంటుంది.

పాకాల_అమ్మాయి:

చాలా థ్యాంక్స్ అన్నా. బండ మీద వాన అన్న మాట మామకు కూడా చదివి వినిపించాను, అర్థమైంది అన్నాడు. కానీ ఆయన పట్టుకున్నది రెండో ముక్క. ఒక చోట రేడియేషన్ ఇస్తే ఇంకో చోట గడ్డ కరగడం అనేది అసలు ఉంటుందా? అది ఎట్లా సాధ్యం?

బయోమెటీరియల్స్_స్కాలర్:

ఉంటుంది అక్కా. నేను తిరుపతిలోనే పీహెచ్‌డీ చేస్తున్నాను, నానో కణాల మీదే పని, రోగులతో కాదు, కణాలతో, ఎలుకలతో. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు చెరుకు చేలో పడటం మీకు తెలుసు కదా. రాత్రి చప్పుడు లేకుండా వచ్చి తినిపోతే పక్క ఊరికి తెలియదు. అదే ఒక చేలో టపాకాయలు పేలి, మనుషులు అరిచి, అడుగుజాడలు చూసిన ట్రాకర్ పరుగున పోయి చుట్టుపక్కల ఊళ్లకు కబురు చెబితే, వాళ్లు తమ చేలల్లో దాక్కున్నవాటిని కూడా వెతికి తరుముతారు. క్యాన్సర్ కణం మామూలుగా చప్పుడు లేకుండా తినే రకం. రేడియేషన్ దాన్ని చంపేటప్పుడు, ఎప్పుడూ కాదు, కొన్నిసార్లు, ఆ చావు గోలగా జరుగుతుంది. చచ్చే కణం కాల్‌రెటిక్యులిన్ అనే ప్రోటీన్‌ను లోపలి నుంచి పై పొర మీదికి తెచ్చిపెడుతుంది, అది నన్ను తినండి అనే గుర్తు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే రసాయనాన్ని బయటికి వదులుతుంది, అది రండి అనే పిలుపు. తెగిన డీఎన్ఏ ముక్కలు కణంలో ఉండకూడని చోటికి వచ్చేస్తాయి, వాటిని సీగ్యాస్ అనే ప్రోటీన్ పట్టుకుని స్టింగ్ అనే ఇంకో ప్రోటీన్‌ను లేపుతుంది, అక్కడి నుంచి ఇంటర్‌ఫెరాన్ పుడుతుంది. అంటే వైరస్ వచ్చినప్పుడు ఒళ్లు మోగించే గంటే ఇక్కడా మోగుతుంది. అప్పుడు డెండ్రిటిక్ కణాలు, మన కథలో ట్రాకర్లు, చచ్చిన కణం ముక్కల్ని నోట కరుచుకుని దగ్గరి లింఫ్ గ్రంథికి పోయి అక్కడున్న టీ కణాలకు, అంటే రోగనిరోధక శక్తిలో పోరాడే కణాలకు, చూపిస్తాయి. గుర్తుపట్టిన టీ కణాలు లక్షల్లో పెరిగి రక్తంలోకి వస్తాయి. అవి ఒంట్లో ఎక్కడికైనా పోగలవు కాబట్టి రేడియేషన్ తగలని చోట గడ్డ కూడా కరిగే అవకాశం ఉంది. దీనికి అబ్‌స్కోపల్ ఎఫెక్ట్ అని 1953లో మోల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు.

మరి ఇది ఎంత తరచుగా జరుగుతుంది? 1969 నుంచి 2014 దాకా వైద్య పత్రికల్లో ప్రచురించిన కేసులను ఒక సమీక్షలో కలిపి లెక్కేస్తే 46 వచ్చాయి. ఆ 45 ఏళ్లలో ప్రపంచంలో రేడియేషన్ తీసుకున్నవాళ్లు కోట్లలో ఉంటారు. రాయని కేసులు ఉన్నా సరే, ఇది చాలా అరుదు.

అరుదుగా ఎందుకు అంటే, క్యాన్సర్ కూడా ఊరుకోదు. రేడియేషన్ తగిలాక అది తన మీద పీడీఎల్-1 అనే తాళాన్ని పెంచుకుంటుంది, టీ కణం వచ్చి తాకితే ఆ తాళం దాన్ని నిద్రపుచ్చుతుంది. పైగా టీ కణాలు రేడియేషన్‌కు చాలా త్వరగా చచ్చేవి. ఆ తాళం తీసే మందులే ఇమ్యునోథెరపీ, వాటికి దారి చూపినందుకు ఆలిసన్, హోంజో ఇద్దరికీ 2018లో నోబెల్ వచ్చింది. 2012లో న్యూయార్క్ నుంచి ఒక కేసు వచ్చింది, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న ఒకామెకు ఇపిలిముమాబ్ అనే అలాంటి మందు నడుస్తుండగా వెన్నెముక పక్కన ఉన్న గడ్డకు మాత్రమే రేడియేషన్ ఇస్తే, ఛాతీలోని గ్రంథులు, ప్లీహంలోని గడ్డలు కూడా తగ్గాయి. మా రంగం అంతా ఒక్కసారిగా ఇటు తిరగడానికి ఆ కేసు పెద్ద కారణం.

ఇక నానో ఎక్కడ వస్తుందంటే, ఆ గోలను పెంచడానికి. లోహం వల్ల డీఎన్ఏ ఎక్కువ తెగితే స్టింగ్ ఎక్కువ మోగుతుంది, ఇది ఒక దారి. ఇంకో దారి షికాగోలో విన్‌బిన్ లిన్ బృందానిది, హాఫ్నియం గుత్తులను సేంద్రియ అణువులతో కలిపి జల్లెడలా అల్లుతారు, ఎక్స్‌రే తగిలితే హాఫ్నియం ఆ శక్తిని పక్కనున్న అణువుకు అందిస్తుంది, అది ఆక్సిజన్‌ను విషంగా మారుస్తుంది, జల్లెడ బొక్కల్లో ఇమ్యునోథెరపీ మందు కూడా నింపొచ్చు. ఎలుకల్లో తక్కువ డోసు ఎక్స్‌రేతోనే దూరపు గడ్డలు కరిగాయి. మూడో దారి నాకు బాగా నచ్చేది. 2017లో నార్త్ కరోలినా వాళ్లు ఎక్స్‌రేను పెంచే పని పెట్టుకోలేదు, జిగురు ఉపరితలం ఉన్న నానో కణాలను గడ్డలోకి పంపారు, రేడియేషన్‌కు చచ్చిన కణాల ప్రోటీన్లు వాటికి అంటుకుంటాయి, ఆ మూటను డెండ్రిటిక్ కణాలు తేలిగ్గా ఎత్తుకుపోతాయి. మెలనోమా ఎలుకల్లో ఇమ్యునోథెరపీతో కలిపి ఇస్తే 20 శాతం దాకా పూర్తిగా నయమయ్యాయి, ఆ కణాలు లేకుండా ఒక్కటీ కాలేదు. నాలుగోది, గడ్డ లోపల ఆక్సిజన్ తక్కువ, ఆక్సిజన్ లేని కణం మీద రేడియేషన్ రెండున్నర మూడు రెట్లు తక్కువగా పనిచేస్తుంది, అందుకని మాంగనీస్ డయాక్సైడ్ నానో కణాలతో అక్కడున్న పెరాక్సైడ్ నుంచే ఆక్సిజన్ పుట్టించడం.

నేను ఈ పనిని ప్రేమతో చేస్తున్నాను, నమ్మకం లేకపోతే ఇన్నేళ్లు చేయలేను. అందుకే చెబుతున్నాను అక్కా, ఎలుక గడ్డ వేరు, మనిషి గడ్డ వేరు. మేము ఎలుక చర్మం కింద కణాలు పొడిస్తే పది రోజుల్లో గడ్డ అవుతుంది, దానికి ఎలుక రోగనిరోధక శక్తి నుంచి తప్పించుకోవడం నేర్చుకునే సమయమే ఉండదు. మీ నాయన బుగ్గలోది ఏళ్ల తరబడి దాక్కోవడం నేర్చుకుని పెరిగింది. ఎలుకలో పనిచేసినదాన్ని చూపించి మనిషికి అమ్మడం అన్యాయం.

చిత్తూరు_లారీ:

అన్నీ సరే గానీ, డాక్టర్లు చెప్పే శాతాలు వినుకుంటూ కూర్చుంటే మనిషి మిగలాలి కదా. మా వీధిలో ఒకాయన స్వర్ణ భస్మం వాడి బాగుపడ్డాడు, బంగారం కదా, చెడు ఏం చేస్తుంది? రేడియేషన్ పక్కన అది కూడా వాడితే పోయేదేముంది?

బయోమెటీరియల్స్_స్కాలర్:

అన్నా, మీ బాధ అర్థమైంది, ఇంట్లో మనిషి కళ్ల ముందు కరిగిపోతుంటే ఏదో ఒకటి చేయాలనే అనిపిస్తుంది. కానీ నోట్లో వేసుకున్న బంగారం గడ్డకు చేరాలంటే పేగు గోడ దాటాలి, రక్తంలో కలవాలి, కాలేయం, ప్లీహం పట్టుకోకుండా వదిలిపెట్టాలి, ఆ తర్వాత గడ్డలో ఆగాలి. మేము నేరుగా రక్తంలోకి ఎక్కించినా ఎక్కువ భాగం కాలేయానికే పోతుంది, గడ్డకు చేరేది చాలా కొద్ది. అందుకే ఆ ఫ్రాన్స్ వాళ్లు రక్తాన్ని నమ్ముకోకుండా సూదితో నేరుగా గడ్డలోకే పొడిచారు. ఇక పోయేదేముంది అన్నారు. ఆ చుక్కలాయన చెప్పినట్టు రేడియేషన్‌కు రెండు వారాల విరామం ఇస్తే ఏం పోతుందో ఇక్కడ డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పాలి.

రేడియోథెరపీ_పీజీ:

నేను చెబుతాను. రేడియేషన్ ఆంకాలజీలో పీజీ చేస్తున్నాను. మీ నాయనను చూడకుండా రాస్తున్నాను కాబట్టి దీన్ని సలహాగా కాకుండా సమాచారంగా తీసుకోమ్మా.

తల, మెడ క్యాన్సర్లలో మొత్తం వైద్యం అనుకున్న రోజుల కన్నా సాగితే, సాగిన ప్రతి రోజుకూ అక్కడ క్యాన్సర్‌ను అదుపు చేసే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. మధ్యలో మిగిలిన కణాలు మునుపటి కన్నా వేగంగా పెరగడం మొదలుపెడతాయి, ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెడితే సరిపోదు. రెండు వారాలంటే 14 రోజులు, లెక్క నువ్వే వేసుకో. ఇన్ని నానో పరిశోధనలు జరుగుతున్నది కొన్ని శాతాల లాభం కోసమే కదా, అంత లాభాన్ని ఊరికే విరామం ఇచ్చి పోగొట్టుకోవడం ఏం న్యాయం?

పైవాళ్లు ఇద్దరూ బాగా రాశారు కానీ ఒక విషయం గమనించలేదు. ఈ అమ్మాయి మొదటి పోస్టులోనే రాసింది, ఆపరేషన్ అయిపోయిందని. అంటే గడ్డ తీసేశారు. హాఫ్నియం ఇంజెక్షన్ పొడవడానికి గడ్డ ఉండాలి కదమ్మా. మీ నాయనకు ఇప్పుడిస్తున్నది కంటికి కనిపించని కణాలు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి కోసం, 33 సిట్టింగులు అంటే రోజుకు 2 గ్రే (రేడియేషన్ డోసు కొలత) చొప్పున 66 గ్రే అయ్యుంటుంది. సూది ఎక్కడ గుచ్చాలి? అలాగే దూరపు గడ్డలు కరగడం అనే మాట. స్కానింగులో ఊపిరితిత్తులకో కాలేయానికో పాకినట్టు చెప్పి ఉంటే ఈ 33 సిట్టింగుల ప్లానే వేరుగా ఉండేది. అంటే ఆ వీడియోలో చెప్పిన రెండు లాభాలూ మీ నాయన పరిస్థితికి వర్తించవు. ఆ వైద్యం చెన్నైలో దొరికినా, పారిస్‌లో దొరికినా ఇదే మాట. మీరు చేతికందినదాన్ని ఏదీ వదులుకోవడం లేదు, ఇది మీ మామకు కూడా చెప్పు.

తల, మెడ క్యాన్సర్లలో ఆ హాఫ్నియం కణాల మీద మూడో దశ ట్రయల్ నడుస్తున్న మాట నిజం, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తట్టుకోలేని పెద్ద వయసు వాళ్లలో, ఆపరేషన్ కాకుండా రేడియేషనే ప్రధాన వైద్యంగా తీసుకునేవాళ్లలో. మీ నాయనకు ఇస్తున్న కీమో సిస్‌ప్లాటినే అయ్యుంటుంది, అదీ రేడియేషన్ బలాన్ని పెంచే మందే. వారం వారం ఎక్కించేది అందుకే. ఒక రకంగా ఆ నానో కణాలు చేయాలనుకునే పనిని ఇది ఇప్పటికే చేస్తోంది, దశాబ్దాల రుజువుతో.

ఇమ్యునోథెరపీ మాటకొస్తే, రేడియేషన్‌తో కలిపితే చాలు పనిచేస్తుంది అనుకున్నాం మేమందరం. ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడో దశలో కీమో, రేడియేషన్ అయ్యాక దుర్వలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే జబ్బు ముదరకుండా ఉన్న కాలం 5.6 నెలల నుంచి 16.8 నెలలకు పెరిగింది, అది 2017. అదే ఆలోచనతో తల, మెడ క్యాన్సర్లలో కీమో రేడియేషన్‌తో పాటే అవెలుమాబ్ ఇచ్చి చూస్తే లాభం రాలేదు, 2021లో ఆ ఫలితం ప్రచురించారు. మెడలో గ్రంథులకు కూడా రేడియేషన్ ఇస్తాం కదా, టీ కణాలు పాఠం నేర్చుకునే బడినే మనం కాల్చేస్తున్నామేమో అని ఒక వాదన ఉంది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పెంబ్రోలిజుమాబ్ ఇచ్చే పద్ధతి మాత్రం పనిచేసి 2025లో అమెరికాలో అనుమతి పొందింది. ఎప్పుడు, ఏ వరసలో ఇస్తామన్నదే అసలు సంగతి.

మన దేశం నుంచి వచ్చిన ఒక పని గురించి కూడా చెప్పాలి, నాకు చాలా గర్వంగా ఉంటుంది. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు, నయం చేసే దశ దాటిన తల, మెడ క్యాన్సర్ రోగులకు, నోటి మాత్రలతో పాటు నివొలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును మామూలు డోసులో పదో వంతు కన్నా తక్కువ, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. మీ నాయనకు ఇప్పుడు ఇది అవసరమని కాదు, దేవుడి దయవల్ల ఎప్పటికీ అవసరం రాకూడదు. కొత్త వైద్యం అంటే విదేశాలకే పోవాలని, లక్షలు పోయాలని మీ మామ అనుకుంటున్నట్టున్నాడు కాబట్టి రాశాను.

ఇంకెవరైనా ట్రయల్ పేరు చెప్పి డబ్బు అడిగితే, సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ఎథిక్స్ కమిటీ ఏది అని అడుగు. అది దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ జాబితా, ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. 2019 నిబంధనల ప్రకారం రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి, హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి. నెలకు 18 వేలు అడిగేది ట్రయల్ కాదు, వ్యాపారం.

పుంగనూరు_అక్క:

చెల్లీ, వీళ్లు చెప్పినంత సైన్స్ నాకు తెలీదు. మా ఇంటాయనకు నాలుక క్యాన్సర్, 2016లో. అప్పుడు మేము వేలూరు పోయి రూము తీసుకుని ఏడు వారాలున్నాం. ఇప్పుడు ఆయన బాగున్నాడు, పొద్దున్నే ఆవుల్ని తోలుకుపోయినాడు, వస్తే టిఫిన్ పెట్టాలి.

నీ పోస్టులో నన్ను భయపెట్టింది నానో కాదు, 61 నుంచి 57 అన్నావే, అది. తొమ్మిది సిట్టింగులకే నాలుగు కిలోలు పోతే ముందున్నది ఇంకా కష్టమైన కాలం. మూడో వారం నుంచి అయిదో వారం దాకా నోరంతా పుండ్లు, మా ఆయన నీళ్లు మింగడానికి కూడా ఏడ్చేవాడు. బరువు బాగా తగ్గితే ముఖానికి బిగించే ఆ మాస్క్ వదులైపోతుంది, మళ్లీ కొత్తది చేసి మళ్లీ ప్లానింగ్ చేయాల్సి వస్తుంది, మాకట్లా నాలుగు రోజులు పోయినాయి. పైన డాక్టరమ్మ చెప్పిన రోజుకు ఒక శాతం లెక్క అప్పుడు నాకు తెలిసుంటే ఇంకా గట్టిగా తినిపించేదాన్ని.

కారం, పులుపు పూర్తిగా మానిపించు. సంగటి గట్టిగా పెట్టొద్దు, రాగి జావ పలచగా కాచి చల్లార్చి పాలు కలిపి పొయ్యి. ఉడికిన గుడ్డును, పప్పును మిక్సీలో మెత్తగా తిప్పి నెయ్యి వేసి ఇయ్యి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. ఒకేసారి గ్లాసెడు ఇస్తే చూసే భయపడతారు. మింగలేకపోతే ముక్కులోంచి ట్యూబు పెడతామంటారు, అప్పుడు వద్దని గొడవ చేయొద్దు, మా అత్త ట్యూబు అంటే చివరి దశ అనుకుని అడ్డం పడింది, పది రోజులు వృథా అయినాయి. అది కేవలం తిండి కోసం, తర్వాత తీసేస్తారు. ఖైనీ ఇంకా ఎక్కడైనా దాచుకుని పెట్టుకుంటున్నాడేమో చూడు, కోపపడకుండా చూడు.

డాక్టరు దగ్గర మాటలు రావడం లేదన్నావు కదా, నాకూ వచ్చేవి కాదు. ఒక నోటుబుక్కు పెట్టుకో. రోజూ బరువు, ఏం తిన్నాడు, ఎన్నిసార్లు వాంతి, అన్నీ రాయి. మీ వంతు వచ్చినప్పుడు అది టేబుల్ మీద పెట్టేయి, వాళ్లే చదువుకుంటారు.

లినాక్_గది:

అక్క చెప్పిన మాస్క్ విషయం నూటికి నూరుపాళ్లు నిజం. మాస్క్ బిగించినప్పుడు చెంప దగ్గర వేలు దూరేంత సందు వస్తే అక్కడ టెక్నీషియన్‌కు మీరే చెప్పండి, మొహమాటపడొద్దు. మేము రోజూ చూస్తాం గానీ మనిషికి లోపల వదులుగా అనిపించేది ఆ మనిషికే ముందు తెలుస్తుంది. ఏదైనా పండగకో మెషీన్ రిపేరుకో ఒక రోజు పోతే, ఆ రోజును ఎలా కలుపుతారు అని కూడా అడగండి. శనివారం ఇవ్వడమో, ఒకే రోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు ఇవ్వడమో చేసే పద్ధతులున్నాయి.

పాకాల_అమ్మాయి:

అందరికీ ఎట్లా చెప్పాలో తెలీడం లేదు. నాలుగు రోజులైంది రాసి, ఈ లోపల చాలా జరిగింది.

పీజీ మేడమ్ రాసినది మామకు రెండుసార్లు చదివాను. గడ్డ తీసేశాక సూది ఎక్కడ పొడుస్తారు అన్న దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ చుక్కలాయన మళ్లీ ఫోన్ చేస్తే మామే తీసుకుని సీటీఆర్ఐ నంబరు అడిగాడు, అవతలాయన అదేంటని అడిగి పెట్టేశాడు. అప్పటి నుంచి మామ రోజూ పొద్దున మాతో పాటే బస్సెక్కుతున్నాడు, నాయనను పట్టుకుని దింపేది ఆయనే.

నోటుబుక్కు పెట్టాను అక్కా. నిన్న డాక్టరు గారి ముందు పెడితే అయిదు నిమిషాలు చదివారు. బరువు పట్టీ చూసి డైటీషియన్ దగ్గరికి పంపారు, నొప్పికి మందు మార్చారు, అన్నానికి అరగంట ముందు నోట్లో పోసుకుని పుక్కిలించే జెల్ లాంటిది ఇచ్చారు. వచ్చే వారానికి 55 కన్నా తగ్గితే ట్యూబు పెడదామన్నారు, నేను సరేనన్నాను. ధైర్యం చేసి నానో సంగతి కూడా అడిగాను. నవ్వలేదు, కోప్పడలేదు. మంచి ప్రశ్న అడిగావు, పరిశోధన జరుగుతోంది, మీ నాయనకు ఇప్పుడు అవసరం లేదు, ఎప్పుడైనా జబ్బు తిరగబెడితే అప్పుడు ఏ ట్రయల్స్ ఉన్నాయో మనం కలిసి చూద్దాం అన్నారు.

ఇవాళ్టితో 13 అయినాయి. ఒక రోజు కూడా పోలేదు. నాయన ఇవాళ జావ రెండు గ్లాసులు తాగాడు.

అక్కా, ఒకటి అడగడం మరిచాను. పుక్కిలించడానికి ఉప్పు, సోడా అంటున్నారు, ఎంత కలపాలి?

పుంగనూరు_అక్క:

కాచి చల్లార్చిన నీళ్లు లీటరుకు ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా వంటసోడా. ఏ రోజుది ఆ రోజే కలుపుకో. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు కూడా. మింగకుండా ఉమ్మేయమను. డాక్టరు వేరే మౌత్‌వాష్ రాసిస్తే ఏది ముందు, ఏది వెనక అని వాళ్లనే అడుగు.